కళ నుంచి కౌన్సెలింగ్ వైపు: ఆస్ట్రేలియాలో మనవాళ్ళకి ఒక దారి

రెండేళ్ళ కిందట దీపావళి కార్యక్రమంలో భోజనాల క్యూలో నిలబడి ఉండగా, మా ఫ్యామిలీ ఫ్రెండ్ ఒకావిడ నన్ను ఒక ప్రశ్న అడిగారు. ఆవిడ పదిహేనేళ్ళు కూచిపూడి సాధన చేసిన మనిషి. పెళ్ళయి మెల్బోర్న్ వచ్చాక కొన్నాళ్ళు చైల్డ్ కేర్‌లో పనిచేశారు. శనివారాలు పిల్లలకి డాన్సు నేర్పుతారు. "అన్నయ్యగారూ, నేను కౌన్సెలింగ్ చదవాలనుకుంటున్నాను. ఇన్నేళ్ళ నా డాన్సు దానికేమైనా పనికొస్తుందా, లేక మళ్ళీ అ ఆల దగ్గర్నుంచి మొదలెట్టాలా?" అన్నారు. నేను పులిహోర వడ్డించుకుంటూ "ఎందుకు పనికిరాదమ్మా, తప్పకుండా పనికొస్తుంది" అనేశాను. కారెక్కాక అనిపించింది, నాకేం తెలుసని అంత ధీమాగా చెప్పానని! నేను చదివింది ఇంజనీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్.

మామూలుగా అయితే అక్కడితో మర్చిపోయేవాణ్ణే. కానీ ఆ ఏడాదే నేను కూడా ఒక కౌన్సెలర్ ఎదుట కూర్చుని వచ్చాను. ఆఫీసులో ఉద్యోగాలు తీసేస్తున్న రోజులవి. రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. ఇక్కడ చాలా కంపెనీలు ఉద్యోగులకి కొన్ని సెషన్లు ఉచితంగా కౌన్సెలింగ్ ఇప్పిస్తాయి కదా, ఆ సదుపాయం కింద వెళ్ళాను. మొదటి రెండు సెషన్లూ వృథా. తప్పు ఆవిడది కాదు, నాదే. ఎలా ఉన్నారంటే "అయాం ఓకే" తప్ప నా నోట్లోంచి ఇంకో మాట రాలేదు. బెంగ, దిగులు, గుబులు... మనకి ఈ మూడూ వేరువేరు. ఒకటి దూరమైనవాళ్ళ గురించి, ఒకటి కాళ్ళు చేతులు ఆడనివ్వనిది, ఒకటి గుండెల్లో కొట్టుకునేది. ఇంగ్లీషులో మూడింటికీ కలిపి నాకు వచ్చింది "స్ట్రెస్" ఒక్కటే.

మూడో సెషన్‌లో ఆవిడ నా చేతివంక చూసి, "మీ వేళ్ళు ఏదో వాయిస్తున్నాయి, ఏమిటది?" అన్నారు. చూసుకుంటే కుర్చీ చెక్క మీద ఆదితాళం నడుస్తోంది! చిన్నప్పుడు విజయవాడలో ఆరేళ్ళు మృదంగం నేర్చుకుని, ఇంటర్మీడియెట్‌లో చేరగానే అటక మీద పెట్టేశాను. "సోమవారం పొద్దున్న మీ ఆఫీసు ఎలా ఉంటుందో ఈ టేబుల్ మీద వాయించగలరా?" అన్నారావిడ. వాయించాను. ఐదు నిమిషాలకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తరవాత మాటలు వాటంతటవే వచ్చాయి. ఆవిడకి మృదంగం అంటే ఏమిటో తెలియదు. కౌన్సెలర్ కాకముందు చాలాకాలం చెల్లో వాయించేవారట.

అందుకని ఆ ప్రశ్నకి సరైన జవాబు నేను బాకీ ఉన్నాననిపించింది. నాలుగైదు నెలలు చదివి, ఈ వృత్తిలో ఉన్నవాళ్ళని అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మనలో సంగీతమో, నాట్యమో, చిత్రలేఖనమో, నాటకమో నేర్చుకుని ఇక్కడికొచ్చి, దాన్ని శని ఆదివారాలకి పరిమితం చేసుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో కొందరికైనా ఉపయోగపడుతుందని ఆశ.

ముందు పేర్లు తేల్చుకుందాం

తెలుగువాళ్ళకి ఈ రెండు మాటలతో ఒక చిక్కుంది. మనకి కోచింగ్ అంటే గుంటూరులో ఎంసెట్ కోచింగ్. కౌన్సెలింగ్ అంటే ఎంసెట్ ర్యాంకు వచ్చాక సీటు కోసం వెళ్ళేది! ఇంకో అర్థం పేపర్లలో కనిపిస్తుంది: "రౌడీషీటర్లకు ఎస్సై కౌన్సెలింగ్". అంటే స్టేషనుకి పిలిచి గట్టిగా చివాట్లు పెట్టడం. మొత్తానికి మన వాడుకలో ఆ రెండు మాటలకీ "తెలిసినవాడు తెలియనివాడికి చెప్పడం" అనే వాసన అంటుకుని ఉంది. ఇక్కడి వృత్తిలో అర్థం దాదాపు దానికి వ్యతిరేకం. కౌన్సెలర్ సలహాలివ్వడు. ఎదుటి మనిషి తన బాధని తానే చూసుకునేలా పక్కన కూర్చుంటాడు. కోచ్ కూడా పాఠం చెప్పడు. చేరాల్సిన చోటు అవతలివాళ్ళే నిర్ణయించుకుంటారు, అడగాల్సిన ప్రశ్నలు అడిగి దారిలో నిలబెడతాడు. స్థూలంగా చెప్పాలంటే గాయం ఉన్నచోట కౌన్సెలింగ్, లక్ష్యం ఉన్నచోట కోచింగ్. ఆర్ట్ థెరపీ, మ్యూజిక్ థెరపీ, డాన్స్ మూవ్‌మెంట్ థెరపీ వంటివి వేరే చదువులు. వాటిలో కళే ప్రధాన సాధనం.

ఆస్ట్రేలియా చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. సైకాలజిస్ట్ అన్న పేరు 2010 నుంచి జాతీయ రిజిస్ట్రేషన్ కింద రక్షణలో ఉంది. ఆఫ్రా రిజిస్ట్రేషన్ లేకుండా ఆ పేరు పెట్టుకుంటే నేరం. కౌన్సెలర్, సైకోథెరపిస్ట్, ఆర్ట్ థెరపిస్ట్, కోచ్ అన్న పేర్లకి ఆ రక్షణ లేదు. రేపు పొద్దున్న నేనే "కౌన్సెలర్" అని బోర్డు తగిలించుకున్నా ఆ పేరు వాడినందుకు నన్ను పట్టుకునే చట్టం లేదు. విక్టోరియా లాంటి రాష్ట్రాల్లో ఫిర్యాదులు విచారించి, అవసరమైతే ప్రాక్టీసు నిషేధించే కమిషనర్ ఉన్నారు గానీ, అది పని చెడ్డాక సంగతి. వారాంతపు సర్టిఫికెట్ కోర్సులతో రంగంలోకి దిగేవాళ్ళు మన కమ్యూనిటీలోనూ ఉన్నారు. దారి తెరిచి ఉందని వెళ్ళిపోవచ్చనుకోవడం పొరపాటు. నా మట్టుకు నాకు ఇది భయపెట్టే సంగతే.

చిత్రకారుడు ఆసుపత్రికి వెళితే

ఆర్ట్ థెరపీ అన్న పేరు పెట్టింది డాక్టరు కాదు, ఒక చిత్రకారుడు. పేరు ఏడ్రియన్ హిల్, బ్రిటన్‌వాడు. 1938లో క్షయ వచ్చి ససెక్స్‌లోని మిడ్‌హర్స్ట్ శానిటోరియంలో చేరాడు. మంచం మీద ఉండి బొమ్మలు గీసుకుంటూ, అది తనకి మేలు చేస్తోందని గమనించి, తోటి రోగులచేత కూడా గీయించాడు. 1942లో ఆ పనికి ఆర్ట్ థెరపీ అని పేరు పెట్టాడు.

ఇక్కణ్ణుంచి రెండు పాయలు ఆస్ట్రేలియాకి వచ్చాయి. ఒకటి పశ్చిమ ఆస్ట్రేలియాకి చెందిన గై గ్రే-స్మిత్ ద్వారా. ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్. జర్మన్లకి చిక్కి ఖైదులో క్షయ తెచ్చుకున్నాడు. ఇంగ్లండ్‌లో చికిత్స పొందుతూ హిల్ దగ్గర బొమ్మలు నేర్చుకున్నాడు. స్వదేశం వచ్చాక పెర్త్ ప్రాంతపు ఆసుపత్రుల్లో రోగులచేత బొమ్మలు వేయించాడు. తరవాత ఆ రాష్ట్రంలో పేరున్న చిత్రకారుల్లో ఒకడయ్యాడు.

రెండో పాయ మా మెల్బోర్న్‌కి వచ్చింది. హిల్‌తో కలిసి పనిచేసిన ఎడ్వర్డ్ ఆడమ్సన్ అనే చిత్రకారుణ్ణి 1946లో సర్రేలోని నెదర్న్ మానసిక వైద్యశాలలో పనికి పెట్టుకున్నారు. పెట్టుకున్నది ఎరిక్ కన్నింగ్‌హామ్ డాక్స్ అనే సైకియాట్రిస్ట్. ఆడమ్సన్ అక్కడ చేసిన పని చెబితే కొంచెం విచిత్రంగా ఉంటుంది. రోగులకి కాగితం, రంగులు, కూర్చోవడానికి చోటు ఇచ్చి, తను ఊరుకునేవాడు! ఇలా వెయ్యి అనడు, ఇది బాగుంది అది బాగాలేదు అనడు, దీని అర్థం ఇదీ అని విప్పి చెప్పడు. చేయి తిరిగిన చిత్రకారుడికి పక్కవాడు తప్పుగా గీస్తుంటే దిద్దకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆయన ఆ కష్టాన్నే వృత్తిగా మార్చుకున్నాడు.

డాక్స్ 1952లో విక్టోరియా మానసిక ఆరోగ్య సంస్థకి అధిపతిగా మెల్బోర్న్ వచ్చి, ఇక్కడి ఆసుపత్రుల్లోనూ రోగుల చిత్రాలు భద్రపరచడం మొదలుపెట్టాడు. అలా పోగైనవి 15,000 పైచిలుకు. మెల్బోర్న్ యూనివర్సిటీ పార్క్‌విల్ ప్రాంగణంలోని డాక్స్ సెంటర్‌లో ఉన్నాయి. వాటిలో అందమైనవి ఉన్నాయి, చూడలేనివి కూడా ఉన్నాయి. ఒక్కొక్క బొమ్మ ముందు నిలబడితే ఇది గీసిన మనిషి పక్కన ఎవరో ఓపిగ్గా కూర్చున్నారని గుర్తొస్తుంది.

నాట్యంలోనూ ఇలాంటి కథే. మారియన్ చేస్ అనే అమెరికన్ నర్తకి 1942లో వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ ఆసుపత్రిలో పని మొదలుపెట్టింది. మాటలు ఆగిపోయిన రోగులు ఉండేవారు. ఆవిడ వాళ్ళకి స్టెప్పులు నేర్పలేదు. రోగి చేయి ఊపితే తనూ ఆ లయలోనే ఊపేది, ముడుచుకుంటే తనూ ముడుచుకునేది. నువ్వెలా ఉన్నావో నాకు కనిపిస్తోంది అని శరీరంతో చెప్పడమన్నమాట. మన డాన్సు క్లాసులో శిష్యులు గురువుని చూసి చేస్తారు. ఇక్కడ గురువే శిష్యుణ్ణి చూసి చెయ్యాలి! కళాకారులు ఈ వృత్తిలోకి వచ్చేటప్పుడు తిప్పుకోవలసిన స్టీరింగ్ ఇదేనని నాకు అర్థమైంది. మిగతావన్నీ దీని తరవాతే.

ఆస్ట్రేలియాలో మ్యూజిక్ థెరపీకి పునాది వేసినవాళ్ళలో రూత్ బ్రైట్ ఒకరు. వృద్ధులతో, ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్ళతో పనిచేశారు. ఆవిడ తొలి అధ్యక్షురాలిగా 1975లో ఆస్ట్రేలియన్ మ్యూజిక్ థెరపీ అసోసియేషన్ మొదలైంది.

ఏం తీసుకెళ్ళాలి, ఏం బయట విడవాలి

ఇక మన కళల సంగతి. నాకు కాస్త తెలిసింది మృదంగం కాబట్టి దాంతో మొదలుపెడతాను. పక్కవాద్యం వాయించేవాడికి మొదట నేర్పేది వాయించడం కాదు, వినడం. ఎత్తుగడ సమం మీద ఉందా, కాస్త తరవాత ఉందా, గాయకుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడు, ఏ సంగతి తరవాత కాస్త వదలాలి – ఇవి తెలియకపోతే చేతిలో ఎంత విద్య ఉన్నా కచేరీ చెడుతుంది. పాటని మృదంగం మోయాలి, మింగెయ్యకూడదు. కౌన్సెలింగ్ పుస్తకాలు పదే పదే చెప్పేది కూడా ఇంచుమించు ఇదే. ఎదుటివాళ్ళ వేగం పట్టుకోవాలి, మౌనాన్ని పూరించాలని తొందరపడకూడదు. మాలాంటి ఇంజనీర్లు మౌనం వస్తే సర్వర్ డౌన్ అయినట్టు కంగారుపడిపోతాం! ఆవర్తం మధ్యలో ఖాళీ వదలడం తెలిసినవాడికి ఆ కంగారు తక్కువ. ఒక్క తేడా ఉంది. కచేరీలో చివరికి తని ఆవర్తనం వస్తుంది, మృదంగం వాడికి చప్పట్లు పడతాయి. కౌన్సెలింగ్ గదిలో తని ఉండదు.

కూచిపూడి వాళ్ళ దగ్గర ఉన్నది ఇంకా విలువైనది. కూచిపూడి గ్రామం ఉన్న మండలం పేరు మొవ్వ. క్షేత్రయ్య ఊరు అదేనంటారు. ఆయన పదాలు అభినయించేటప్పుడు ఒకే పాదాన్ని ఐదారు రకాలుగా పట్టి చూపిస్తారు. మాట అదే, ఒకసారి అలక, ఒకసారి ఎత్తిపొడుపు, ఒకసారి జాలి. అష్టవిధ నాయికల తేడాలు సాధన చేసిన మనిషికి మాటకీ మనసుకీ మధ్య ఉన్న సందు కనిపిస్తుంది. ఒకావిడ వచ్చి "మా అత్తగారు చాలా మంచివారండీ" అంటే, ఆ మాట అన్నప్పుడు భుజం ఎటు తిరిగింది, చూపు ఎక్కడికి పోయింది అన్నది డాన్సరు పసిగట్టినట్టు నేను పసిగట్టలేను. ఆంగికం, సాత్వికం అని మనవాళ్ళు విడదీసి చెప్పినవి ఇక్కడ అక్షరాలా పనికొస్తాయి.

అయితే పసిగట్టాక ఏం చేస్తామన్నదే ప్రశ్న. "మీకు అత్తగారంటే కోపం కదూ" అని తేల్చెయ్యడం రసాస్వాదన అవుతుందేమో గానీ కౌన్సెలింగ్ కాదు. మన ఊహని పక్కన పెట్టి, "ఆ మాట అంటున్నప్పుడు మీకెలా ఉంది?" అని అడిగి ఆగాలి. వాళ్ళు చెప్పిందే నిజం. మనం చూసింది ఒక అనుమానం, అంతే.

బయట వదిలెయ్యాల్సినవాటిలో మొదటిది దిద్దే అలవాటు. మన గురుకులాల బలమంతా దిద్దడంలోనే ఉంది. అరమండి దిగలేదు, శ్రుతి తప్పింది, చెయ్యి పైకెత్తు... పాతికేళ్ళు దిద్దించుకుని, ఆ తరవాత దిద్దుతూ బతికిన మనిషికి ఎదురుగా ఒకరు తమ జీవితాన్ని శ్రుతి తప్పి పాడుతుంటే ఊరుకోవడం చేతకాదు. రెండోది అందం మీద మోజు. అవతలి మనిషి గీసింది వికారంగా ఉంటే వికారంగానే ఉండనివ్వాలి. మూడోది, చెప్పడానికి కాస్త మొహమాటంగా ఉన్నా, చప్పట్లు. సెషన్ అద్భుతంగా నడిచింది, ఆయన ఏడ్చేశాడు, నా వల్లే అని మురిసిపోయే ప్రమాదం కళాకారులకి మిగతావాళ్ళకన్నా ఎక్కువ. అందుకే ఈ వృత్తిలో సూపర్‌విజన్ అని ఒక ఏర్పాటు ఉంది. ఎన్నేళ్ళ అనుభవం ఉన్నా, మరో సీనియర్ దగ్గర కూర్చుని తన పని గురించి, తనలో కలిగిన భావాల గురించి క్రమం తప్పకుండా మాట్లాడాలి. మాకు కోడ్ రివ్యూ ఉన్నట్టే.

రాగాలూ రోగాలూ

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే మనవాళ్ళ వ్యాసం పూర్తి కాదు. మ్యూజిక్ థెరపీ అనగానే ఫలానా రాగం వింటే బీపీ తగ్గుతుంది, ఫలానా రాగానికి షుగరు దిగుతుంది అనే ఫార్వర్డులు గుర్తొస్తాయి. త్యాగరాజస్వామి బిలహరిలో కీర్తన పాడి పోయిన ప్రాణం తెప్పించారనీ, దీక్షితులవారు శిష్యుడి కడుపునొప్పికి అఠాణాలో బృహస్పతి మీద కీర్తన కట్టారనీ చిన్నప్పుడు విన్నాం. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారికి కూడా సంగీత చికిత్స మీద ఎంతో ఆసక్తి ఉండేది. నమ్మకాల్ని వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. కానీ ఇక్కడ యూనివర్సిటీల్లో నేర్పేది అది కాదు. మందుల చీటీలో రాసినట్టు రాగం రాసివ్వరు. మ్యూజిక్ థెరపిస్టు మనిషితో కలిసి పాడతారు, వాయిస్తారు, వాళ్ళచేత సొంత పాట కట్టిస్తారు. పనిచేసేది ఆ సంబంధం, ఆ చేయడం.

ఆధారాలు లేకపోలేదు. 2017లో కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష 9 అధ్యయనాల్ని, 421 మందిని పరిశీలించి, డిప్రెషన్‌కి మామూలు చికిత్సతోపాటు మ్యూజిక్ థెరపీ కూడా తోడైతే స్వల్పకాలంలో మేలు కనబడిందని తేల్చింది. "తోడైతే" అన్న మాట గమనించండి. కళ మందుకి బదులు కాదు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు, లేని గొంతులు వినపడటం, ఇంట్లో హింస – వీటిలో ఏది ఎదురైనా తన హద్దు తెలుసుకుని సరైనచోటికి పంపడం కౌన్సెలర్‌కి మొదటి విద్య. ఆపదలో ఉన్నవాళ్ళెవరైనా 24 గంటలూ లైఫ్‌లైన్ 13 11 14కి చెయ్యొచ్చు. ప్రాణాపాయమైతే 000.

చదువు, గంటలు, డబ్బు

అ ఆల దగ్గర్నుంచి మొదలెట్టాలా అన్న ప్రశ్నకి జవాబు: సగం అవును, సగం కాదు. మన దగ్గర ఏ డిగ్రీ ఉన్నా చాలా యూనివర్సిటీలు కౌన్సెలింగ్‌లో గ్రాడ్యుయేట్ డిప్లొమాకో, మాస్టర్స్‌కో తీసుకుంటాయి. ఫుల్‌టైమ్ అయితే మాస్టర్స్ రెండేళ్ళు. అంతకన్నా కింద డిప్లొమా ఉంది. ఆస్ట్రేలియన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ డిప్లొమాతో కూడా మొదటి మెట్టు సభ్యత్వం ఇస్తుంది. సైకోథెరపీ అండ్ కౌన్సెలింగ్ ఫెడరేషన్, అంటే పాక్ఫా, ఇంకొంచెం గట్టిగా అడుగుతుంది. చట్టం అడగకపోయినా ఉద్యోగమిచ్చే సంస్థలు ఈ రెంటిలో ఒకదాని సభ్యత్వం ఉందా అని చూస్తాయి. కాబట్టి కోర్సుకి డబ్బు కట్టేముందు దానికి వీటి గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి.

కళే సాధనంగా పని చేయాలనుకుంటే దారి వేరు. క్రియేటివ్ ఆర్ట్స్ థెరపీలకి ఈ ప్రాంతమంతటికీ అంజకాటా అనే సంఘం ఉంది. 1987లో ఆస్ట్రేలియా సంఘంగా మొదలై, తరవాత న్యూజిలాండ్‌నీ ఆసియానీ కలుపుకుంది. మాస్టర్స్ స్థాయి చదువు, అందులో కనీసం 750 గంటల ప్లేస్‌మెంట్ అడుగుతారు. మ్యూజిక్ థెరపీ మెల్బోర్న్ యూనివర్సిటీ, వెస్టర్న్ సిడ్నీ యూనివర్సిటీ నేర్పుతూ వచ్చాయి. వెస్టర్న్ సిడ్నీది నార్డాఫ్-రాబిన్స్ సంప్రదాయం. పాల్ నార్డాఫ్ అనే అమెరికన్ స్వరకర్త, క్లైవ్ రాబిన్స్ అనే టీచరు కలిసి, పిల్లవాడు కొట్టిన దరువుకి తగ్గట్టు అప్పటికప్పుడు సంగీతం అల్లే పద్ధతి అది. మెల్బోర్న్‌లో మియేకాట్ అనే సంస్థ కూడా ఉంది. యూనివర్సిటీలు కోర్సులు తరచూ మారుస్తున్నాయి కాబట్టి ఆయా సంఘాల దగ్గర గుర్తింపు జాబితా చూసుకోవడం మంచిది.

మ్యూజిక్ థెరపీలో చేరాలంటే సంగీతం వచ్చని చూపించాలి. మనవాళ్ళకి కర్ణాటక సంగీతం బాగా వచ్చినా, పాటకి గిటారో కీబోర్డో పట్టుకుని తోడు వాయించడం రాదు. అది విడిగా నేర్చుకోవలసి వస్తుంది.

డబ్బు సంగతి దాచడం మంచిది కాదు. 2006లో వచ్చిన బెటర్ యాక్సెస్ పథకం కింద జీపీ రాసిన ప్లానుతో ఏడాదికి 10 వ్యక్తిగత సెషన్లకి మెడికేర్ కొంత తిరిగి ఇస్తుంది. అవి సైకాలజిస్టులకి, అర్హత ఉన్న సోషల్ వర్కర్లకి, ఆక్యుపేషనల్ థెరపిస్టులకి వర్తిస్తాయి. మామూలు కౌన్సెలర్లకి వర్తించవు. క్లయింటు తన జేబులోంచి కట్టాలి. ఆర్ట్, మ్యూజిక్ థెరపిస్టులు చాలామంది ఎన్‌డీఐఎస్ మీద ఆధారపడ్డారు. 2024 నవంబరులో ఆ సంస్థ ఈ రెండు థెరపీలకి ఇచ్చే రేటుని బాగా తగ్గించే మార్పులు ప్రకటించేసరికి పెద్ద గొడవయింది. చివరికి స్టీఫెన్ డకెట్ అనే ఆరోగ్య ఆర్థికవేత్తచేత సమీక్ష చేయించాల్సి వచ్చింది. ఇల్లు లోను ఈఎంఐ ఉన్నవాళ్ళు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఉన్న ఉద్యోగం వదలకుండా పార్ట్‌టైమ్ చదవడమే తెలివైన పని అని నా అభిప్రాయం.

కోచింగ్‌కి ఖర్చు తక్కువ, తలుపు పెద్దది. 1995లో మొదలైన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ మొదటి మెట్టు గుర్తింపుకి 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం అడుగుతుంది. ఆ పైమెట్టుకి 500 గంటల అనుభవం. ఈ రంగంలో సిడ్నీకి ప్రత్యేక స్థానం ఉంది. 2000లో సిడ్నీ యూనివర్సిటీలో కోచింగ్ సైకాలజీ విభాగం మొదలైంది, ప్రపంచంలో మొదటిది అదే అంటారు. పెట్టిన ఆంథొనీ గ్రాంట్ పదిహేనేళ్ళకే బడి మానేసి వడ్రంగం నేర్చుకున్న మనిషి. కాంట్రాక్టు పనులు చేసుకుని, ఆ తరవాత సైకాలజీ చదివాడు. 2020లో చనిపోయాడు. కొయ్యపని నుంచి వచ్చిన మనిషి ఒక శాస్త్రాన్ని నిలబెట్టగా లేనిది, వీణ నుంచి వచ్చినవాళ్ళు మొహమాటపడాల్సిన పనేముంది?

కోచింగ్‌లో నాటకం వచ్చినవాళ్ళకి మంచి చోటుంది. మన ఐటీ వాళ్ళు పని బ్రహ్మాండంగా చేసి మీటింగులో నోరు విప్పరు. జీతం పెంచమని అడగాల్సిన సంభాషణని ముందే ఆడి చూసుకోవడం, మేనేజరు పాత్రలో ఒకసారి, తన పాత్రలో ఒకసారి నిలబడటం ఎంతో పనిచేస్తాయి. బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోఅల్ ప్రేక్షకుల్నే వేదిక మీదికి పిలిచి, తమ సమస్యకి ముగింపు మార్చి ఆడమనేవాడు. కోచింగ్ గదిలో ఈ పద్ధతికి కావలసింది రెండు కుర్చీలే.

అందరికీ అందరూ తెలిసిన ఊరు

2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు సుమారు 59 వేలు. వినడానికి పెద్ద సంఖ్యే గానీ, ఒక్కొక్క సిటీలో చూస్తే మనది ఒక పెద్ద గ్రామం. డాన్సు టీచరే కౌన్సెలర్ అయిందనుకోండి. శనివారం క్లాసు అయ్యాక ఒక తల్లి ఆగి, "మేడమ్, ఇంట్లో ఏం బాగాలేదు" అని చెప్పుకుంటుంది. వచ్చే నెల అరంగేట్రంలో ఆవిడ భర్త ముందు వరసలో కూర్చుంటాడు. ఇలా ఒకే మనిషితో రెండు సంబంధాలు ఉండటాన్ని వృత్తి నియమావళి ప్రమాదంగా చూస్తుంది. కారణం ఊహించడం కష్టం కాదు. టీచరు నోరు విప్పకపోయినా, ఆ తల్లికి "ఈవిడకి అంతా తెలుసు" అన్న బరువు ఉంటుంది. చివరికి పిల్లని క్లాసు మాన్పిస్తుంది.

దీనికి నాకు తోచిన మార్గం కటువుగానే ఉంటుంది. తన విద్యార్థుల కుటుంబాల్ని, తన అసోసియేషన్ కమిటీవాళ్ళని క్లయింట్లుగా తీసుకోకూడదు. వేరే సిటీలో ఉన్న మరో తెలుగు కౌన్సెలర్‌కి పంపి, వాళ్ళు పంపినవాళ్ళని తను చూడటం మేలు. ఆన్‌లైన్ సెషన్లు మామూలైపోయాయి కాబట్టి అడిలైడ్‌వాళ్ళు బ్రిస్బేన్‌వాళ్ళతో మాట్లాడటం పెద్ద పని కాదు. ఇలా పంచుకోవాలంటే శిక్షణ ఉన్న తెలుగువాళ్ళు పది మందైనా ఉండాలి కదా, అసలు అవసరం అక్కడే ఉంది.

తల్లిదండ్రుల విషయంలో ఈ అవసరం ఇంకా ఎక్కువ. పిల్లల కోసం ఇక్కడికొచ్చి స్థిరపడిన పెద్దవాళ్ళు ఇప్పుడు డెబ్భై ఎనభైల్లో పడుతున్నారు. మతిమరుపు జబ్బు వచ్చినవాళ్ళకి తరవాత నేర్చుకున్న భాష ముందు జారిపోతుంది, ఇంగ్లీషు పోయి తెలుగే మిగులుతుంది. ఫోన్లో దుభాషీని ఇప్పించే టిస్ సేవ ఉంది, 13 14 50. కానీ దుభాషీ మాటని మార్చగలడు, ఘంటసాల పాట పల్లవి అందుకుని "తరవాతి లైను మీరు పాడండి" అనలేడు. అది తెలిసిన మ్యూజిక్ థెరపిస్టు మన పెద్దవాళ్ళు ఉండే ఏజ్డ్ కేర్‌లో ఒక్కరున్నా ఆ మధ్యాహ్నం వేరుగా ఉంటుంది.

మా ఫ్రెండు సంగతి చెప్పి ముగిస్తాను. నేను ఇవన్నీ ఎక్సెల్ షీటులో పెట్టి ఇస్తే ఆవిడ నవ్వి, "అన్నయ్యగారూ, ఇంత లెక్కేస్తే ఎవరూ ఏదీ చదవరు" అన్నారు. అయినా షీటు దాచుకున్నట్టున్నారు. తరవాత వచ్చిన ఫిబ్రవరిలో కౌన్సెలింగ్ గ్రాడ్యుయేట్ డిప్లొమాలో పార్ట్‌టైమ్‌గా చేరారు. శనివారం క్లాసులు మానలేదు. అక్కడ ముగ్గురేసి విద్యార్థులు కలిసి, ఒకరు కౌన్సెలర్‌గా, ఒకరు క్లయింటుగా, ఒకరు గమనించేవారుగా సాధన చేస్తారట, దాన్ని రికార్డు చేసి చూపిస్తారట. మొదటి రికార్డింగు చూసి లెక్చరర్ ఏమన్నారని అడిగాను. "క్లయింటు ఏడుస్తుంటే నా ముఖంలో కరుణరసం బ్రహ్మాండంగా ఉందన్నారు. కాకపోతే ఆవిడ కళ్ళు తుడుచుకునేలోపు నేను మూడు సలహాలు ఇచ్చేశానట" అన్నారు. పోయిన నెల రెండో రికార్డింగు అయింది. ఈసారి సలహా ఒక్కటే ఇచ్చారట.